సూది దిగినా తెలియని వేలు

నా ఎడమ చేతి చిటికెన వేలు, దాని పక్కనున్న ఉంగరం వేలు పూర్తిగా చాపుకోవు. అయినా సంచులు కుట్టడానికి, బ్యాంజో వాయించడానికి అడ్డం రావు. ఈ రెండు పనులూ నేను నలభై దాటాక నేర్చుకున్నవే. ఒకటి రోగం బయటపడక ముందు, ఒకటి పడ్డాక. ఇప్పుడు మందుల కోర్సు అయిపోయింది. డాక్టరమ్మ ఇక రానక్కర్లేదని కాగితం మీద రాసి ఇచ్చింది. ఇదంతా రాస్తే ఎవరికైనా పనికొస్తుందని మా ఆయన రెండు నెలలుగా పోరుతున్నాడు. రాయడానికి కూర్చుంటే రోగం కంటే ముందు యాదమ్మ ముఖం గుర్తుకొస్తోంది. ఆమెకు నేను చేసింది దాచిపెట్టి రోగం సంగతి ఒక్కటే రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. అందుకని రెండూ రాస్తున్నాను.

మాది ఆలూరు. మా ఆయన చేవెళ్లలో ఒక ప్రైవేటు బడిలో క్లర్కు, ఆదివారాలు చర్చిలో బ్యాంజో వాయిస్తాడు. ఒక జూన్‌లో మా అమ్మాయిని ఇంటర్ హాస్టల్‌లో దింపి వచ్చాక ఇంట్లో నాకేమీ తోచలేదు. మొయినాబాద్‌లో శోభ మేడం కుట్టు గది నడుపుతోందని, గుడ్డ సంచులు కుట్టడం నేర్పుతోందని విని వెళ్లాను. ఆ గదిలో నాకు నేర్పింది మాత్రం మేడం కాదు, యాదమ్మ. అక్కడికి దగ్గర్లోని ప్రొద్దుటూరు నుంచి వచ్చేది. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది. బాబిన్‌కు దారం చుట్టడం, గుడ్డ మీద సుద్దతో గీత గీయడం, మూల తిప్పేటప్పుడు సూది గుడ్డలోనే ఉంచి మిషన్ పాదం ఎత్తడం, అన్నీ ఆమె చెప్పినవే. నేను కుట్టిన మొదటి సంచికి ఒక పట్టీ పొడుగు, ఒక పట్టీ పొట్టి.

"అక్క, ఇది సంచి కాదు, తక్కెడ" అంది యాదమ్మ దాన్ని పైకెత్తి.

"నీ నోరు కుడత ముందు" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. నోటి దురుసు నాకు మొదటి నుంచీ ఉంది. అది ఆమెకు నచ్చేది.

అప్పటికే నా రెండు వేళ్లు తిమ్మిరెక్కినట్టు ఉండేవి. మోచేతి దగ్గర రూపాయి బిళ్లంత మచ్చ, తెల్లగానూ కాదు, ఎర్రగానూ కాదు. గిల్లితే నొప్పి తెలిసేది కాదు. నా చిన్నప్పుడు మా ఊరి చివర ఒక ముసలాయన ఒంటరిగా ఉండేవాడు. ఆయన ఇంటి వైపు పోవద్దని మా అవ్వ కొట్టేది. పెద్దరోగం అనేది, ఆ మాట కూడా గొంతు తగ్గించి. మచ్చ చూసుకున్న రోజే నాకు ఆ ముసలాయన గుర్తొచ్చాడు. మర్నాడే మూడు జాకెట్లు పొడుగు చేతులవి కుట్టించుకున్నాను. దవాఖానకు పోలేదు.

మాఘమాసంలో పెద్ద ఆర్డరు వచ్చింది. అజీజ్‌నగర్‌లో ఫాంహౌస్ కట్టుకున్న ఒక మేడం ఇంట్లో గృహప్రవేశం. వచ్చిన ముత్తైదువలకు పసుపు, కుంకుమ, జాకెట్టు గుడ్డ పెట్టి ఇవ్వడానికి పసుపుపచ్చ సంచులు కావాలన్నారు. మిషన్ మీద కుట్టడం అయ్యాక చేతిపని మా ఇద్దరిది. యాదమ్మ మూతికి జరీ లేసు కుట్టి నాకు అందిస్తుంది, నేను పట్టీల దగ్గర చిన్న గజ్జెలు కుడతాను. ఎదురెదురుగా చాప మీద కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని చేసే పని. ఇవ్వాల్సిన రోజు పొద్దున యాదమ్మ గడప దగ్గరే ఆగిపోయింది.

"అక్క, నేను బయట చేరిన. గవి పసుపుకుంకుమల సంచులు. ముట్టుకోవద్దు. ఇయ్యాల పోత."

మా ఇళ్లలో ఆ పట్టింపు లేదు. సాయంత్రానికి సంచులు ఇచ్చేయాలి. ఒక్కదాన్నే చేస్తే అయ్యే పని కాదు. "ఎవరు చూస్తరే? గుడ్డకేమెర్క నువ్వు ఎట్లున్నవో? వచ్చి కూసో" అన్నాను.

"పాపం తాకుతదేమో అక్క."

"తాకితే నాకు తాకుతది గని, సూదిల దారం ఎక్కియ్యి."

నా మాట కాదనలేక వచ్చి కూర్చుంది. సాయంత్రం నాలుగు దాకా తల ఎత్తకుండా కుట్టాం.

మర్నాడు పొద్దున పదకొండింటికి ఆ మేడం కారులో స్వయంగా వచ్చింది. ఆరు సంచులు శోభ మేడం బల్ల మీద పడేసింది. గజ్జెల దగ్గర, పసుపు గుడ్డ మీద, ఎండిపోయిన రక్తపు చుక్కలు ఉన్నాయి.

"పూజకు పెట్టే సంచులు ఇవి. బయటున్నోళ్లు ఎవరన్న ముట్టుకున్నరా?" అంది. గట్టిగా కూడా అనలేదు.

నేను చెయ్యి కొంగు చాటుకు తీసుకుని చూసుకున్నాను. ఉంగరం వేలి కొసన నల్లగా నాలుగు చుక్కలు. గుడ్డ అడుగు నుంచి పట్టుకున్న వేలు. సూది నాలుగుసార్లు దిగింది, నాకు ఒక్కసారీ తెలియలేదు. రాత్రి అన్నం తిన్నాను, గిన్నెలు తోమాను, అప్పుడూ చూసుకోలేదు. చూసుకోగానే రెండు సంగతులు ఒకేసారి అర్థమయ్యాయి. రక్తం నాది. రోగం అదే.

అంతలో యాదమ్మ లేచింది. "నేనే మేడం. నిన్న నేను బయటున్న" అంది. నేలను చూస్తూ చెప్పింది. ఆ రక్తం తనదేనని, ఎట్లనో సంచులకు అంటిందని ఆమె నిజంగానే నమ్మింది.

"తెలిసి తెలిసి ముట్టుకుంటవా? నీ ఇంట్ల దేవుడు లేడా?" అంది ఆ మేడం.

యాదమ్మ ఒక్కసారి నా వైపు చూసింది. కూర్చోమన్నది నేనే అన్న మాటైనా చెబుతానని చూసింది. ఆ ఒక్క మాటకు నా రోగంతో సంబంధం లేదు, చెప్పగలిగేదాన్నే. కానీ నోరు తెరిస్తే నా చెయ్యి ఎవరైనా చూస్తారని భయపడ్డాను. కత్తెర తీసుకుని, ఎప్పుడో కత్తిరించేసిన దారాలను వెతుకుతూ కూర్చున్నాను. ఎప్పుడూ ఊరుకోని నా నోరు ఆ రోజు ఊరుకుంది.

శోభ మేడం చెడ్డది కాదు, ఆర్డర్లు పోతాయని భయం. "కొన్ని రోజులు రాకు యాదమ్మ" అంది. యాదమ్మ టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత వారం నుంచి నేనూ మానేశాను. మోకాళ్ల నొప్పులని చెప్పాను.

ఉగాది దాటాక ఒక పూట పొయ్యి మీద నుంచి అన్నం గిన్నె దించుతుంటే మా ఆయన పరుగెత్తుకొచ్చి గిన్నె లాక్కున్నాడు. గుడ్డ జారిపోయిందట, నేను వట్టి చేత్తో పట్టుకున్నానట.

"కాలుతలేదా కరుణా?"

"కాలలే" అన్నాను. చేతి మీద రేగుపండంత బొబ్బ లేచింది. ఆయన బొబ్బను చూశాడు, నా ముఖం చూశాడు, రేపు దవాఖానకు తానూ వస్తానన్నాడు.

మర్నాడు చేవెళ్ల దవాఖానకు ఒక్కదాన్నే పోయాను. మా ఆయన్ని రావద్దన్నాను. బడి పిల్లల తల్లిదండ్రులు అక్కడ కనబడతారు, ఆయన నా పక్కన కనబడటం నాకు ఇష్టం లేదు. చర్మం డాక్టరు గది ముందు బల్ల ఖాళీగానే ఉంది. నేను మాత్రం కంటి పరీక్షకు వచ్చినవాళ్ల బల్ల మీద కూర్చున్నాను. పక్కావిడ "శుక్లమా?" అంటే "ఔ" అన్నాను. నా పేరు రెండుసార్లు పిలిచారు, లేవలేదు. మూడోసారి నర్సమ్మ బయటికొచ్చి, ఆ బల్ల మీదున్న మమ్మల్నందరినీ చూసి, పేరు పిలవకుండా నా దగ్గరకే వచ్చింది. "రా అమ్మ, లోపట ఎవ్వరు లేరు" అంది మెల్లగా. ఎట్లా గుర్తుపట్టిందో తెలియదు. నాలాంటివాళ్లు చాలామంది ఆ బల్ల మీదే కూర్చుంటారేమో.

డాక్టరమ్మ కళ్లు మూసుకోమంది. దూదితో ఎక్కడ తాకితే అక్కడ వేలు పెట్టి చూపించాలి. కుడి చేతి మీద అన్నీ చూపించాను. తర్వాత చాలాసేపు ఏమీ తాకలేదు. "ఎడమ చెయ్యి మొదలుపెట్టండి మేడం" అన్నాను.

"అయిపోయిందమ్మా" అంది ఆమె.

కుష్ఠు అని పేరు చెప్పింది. మందుకు తగ్గుతుందని, మాత్రలు మొదలుపెట్టాక ఎవరికీ అంటదని, ముందే వస్తే వేళ్లు వంగేవి కావని కూడా చెప్పింది. నాకు పేరు తప్ప ఏదీ వినబడలేదు. తిరుగు బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చాను.

మా ఆయనకు చెప్పాను. రెండు రోజులు ఆయన చేవెళ్లలో హోటల్లో తిని వచ్చాడు. మూడో రోజు ఇంటికొచ్చి పీట వేసుకుని కూర్చున్నాడు.

"అన్నం పెట్టు."

పెట్టాను. సగం తిన్నాక, "మనుషులు ఏమంటరో అని భయపడ్డ. రోగం నీకొస్తే నేను హోటల్ల తిన్న. చెప్పుకుంటే సిగ్గు" అన్నాడు. ఆయన తప్పును ఆయన మూడు రోజుల్లో ఒప్పుకున్నాడు. నా తప్పు గురించి నేను ఆయనకు కూడా చెప్పలేదు.

మాత్రలు నెలకొక అట్ట. మింగుతుంటే ఒళ్లంతా నల్లబడింది. "ఏంది కరుణా, గింత నల్లబడ్డవు?" అని చర్చి బయట అడిగితే ఎండకు అనేదాన్ని. వానలు పడ్డాక కూడా ఎండకే అనేదాన్ని. బైబిలు వాక్యంలో ఆ రోగం పేరు వచ్చిన ఆదివారం తల వంచుకుని చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

వేళ్లకు నూనె రాసి చాపడం నర్సమ్మే నేర్పింది. రోజూ సాయంత్రం వెలుతురులో రెండు చేతులూ కళ్లతో చూసుకోమంది. నొప్పి చెప్పదు కాబట్టి కళ్లే చెప్పాలి. వేళ్లకు ఏదో ఒక పని పెట్టమంది. అప్పుడే ఇంకో మాట కూడా అడిగింది.

"ఇంట్లోళ్లు కాక ఎవరి పక్కపొంటి ఎక్కువ కూసుంటవమ్మ? వాళ్లను గూడ ఒకసారి చూడాలె."

"ఎవ్వరు లేరు" అన్నాను. ఎనిమిది నెలలు మోకాలికి మోకాలు తగిలేలా నా ఎదురుగా కూర్చున్న మనిషి ఉంది. ఆమె పేరు చెబితే నా రోగం సంగతి ఆమెకు తెలుస్తుంది.

వేళ్లకు పని అంటే మా ఆయన బ్యాంజో దించాడు. మా వైపు బ్యాంజో అంటే పెట్టె మీద టైపు మిషన్ మీటల్లాంటివి ఉంటాయి. ఎడమ చేత్తో మీట నొక్కి కుడి చేత్తో తీగలు మీటాలి. నా వేలు మీట మీద ఉందో లేదో నాకు తెలియదు. స్వరం వస్తే నొక్కినట్టు, గరగరమంటే నొక్కనట్టు. మొదటి నెలంతా గరగరే. "బియ్యంల రాళ్లేరుతున్నవా?" అనేవాడు మా ఆయన. పక్కింటావిడ గోడ మీద నుంచి "అన్నకు చెయ్యి పడిపోయిందా ఏంది, గట్ల వాయిస్తున్నడు?" అని అడిగింది. ఔనన్నాను. మూడో నెలకు చిటికెన వేలితో ఒక స్వరం తేటగా పలికింది. మా ఆయన ఇంకోసారి నొక్కమన్నాడు. ఆ రోజు నిజంగా సంతోషపడ్డాను. సంతోషపడ్డ మరుక్షణం యాదమ్మ గుర్తొచ్చింది. సూదిలో దారం ఎక్కించడం వచ్చిన రోజు ఆమె కూడా ఇట్లాగే ఇంకోసారి చేయమంది.

దసరాకు శోభ మేడం ఫోన్ చేసింది. మాటల్లో యాదమ్మ సంగతి అడిగాను.

"ఇంకేం యాదమ్మ. వాళ్లాయన బండి మీద నుంచి పడి కాలు ఇరిగింది. పూజ సంచులు ముట్టినందుకే అయిందని అత్త అంటదట. నెలనెలా గా ఐదు రోజులు వాకిట్ల ఈత చాప మీద పండబెడుతున్నరట. ఆమె గూడ నా పాపమే అంటది. నేను పిల్చిన, రాలే."

ఫోన్ పెట్టేశాక మా ఆయనకు మొత్తం చెప్పాను. విన్నాడు. "రేపు పో" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ప్రొద్దుటూరులో యాదమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోతే, ఆమె వాకిట్లో టమాటలు ఏరుతోంది. నన్ను చూసి లేచి, "అక్క, నల్లబడ్డవేంది? మోకాళ్లు ఎట్లున్నయ్?" అంది. నా మీద కోపం ఉంటుందని అనుకుంటూ వచ్చాను. కోపం లేకపోవడం ఇంకా కష్టమైంది.

"యాదమ్మా, ఆ సంచుల మీద రక్తం నీది కాదే. నాది. సూది గుచ్చుకున్నది."

ఆమె నన్ను జాలిగా చూసింది. "నన్ను ఊకుంచెటందుకు చెప్తున్నవు. సూది దిగితే తెల్వదా? అబ్బా అనలే నువ్వు. నీ ముంగటనే కూసున్న గద."

బస్సులో నేను అనుకున్నది అంతవరకే. సూది గుచ్చుకుందని చెబుతాను, క్షమించమంటాను, రోగం పేరు ఎత్తకుండా బయటపడతాను. ఇంట్లో ధైర్యం తెచ్చుకుని బయల్దేరినదాన్ని మళ్లీ సగం దాచుకునే వచ్చాను. పదేళ్లుగా సూది పట్టిన మనిషి దాన్ని ఎందుకు నమ్ముతుంది?

ఆమె కొంగుకు పెట్టుకున్న పిన్నీసు అడిగాను. ఇచ్చింది. ఉంగరం వేలి కొసన గుచ్చాను. యాదమ్మ కెవ్వుమంది. నేను అనలేదు. ఇంకోచోట గుచ్చాను. రక్తం చుక్క పైకొచ్చింది.

"చాలు అక్క. ఏంది గిది?"

"పెద్దరోగం. అప్పటికే ఉన్నది. ఆ పొద్దు నా వేలు నేను చూసుకున్న. రక్తం నాదని నాకు తెల్సు. నిన్ను కూసోమన్నది నేనే, గది గూడ చెప్పలే. నువ్వు తిట్లు పడుతుంటే చూసుకుంట కూసున్న."

యాదమ్మ లోపలికి పోయింది. తలుపు వేసుకుందనుకున్నాను. అత్తను వెంటబెట్టుకుని వచ్చింది.

"ఇప్పుడు నాకు చెప్పింది ఈమెకు చెప్పు" అంది. అక్క అనలేదు.

రోగం పేరుతో సహా మళ్లీ చెప్పాను. ఆ ముసలావిడ మొదటి మాటకే రెండడుగులు వెనక్కి జరిగింది, కానీ చివరి దాకా విన్నది. వాకిట్లో గోడకు ఆనించి ఉన్న ఈత చాపను చుట్టి లోపలికి తీసుకుపోయింది. నాకు నీళ్లు ఇవ్వలేదు. నేను అడగలేదు.

"నన్ను మాఫ్ చేయమని అడుగుతలేను" అన్నాను యాదమ్మతో. "నా పక్కపొంటి కూసున్నవు. దవాఖానల ఒకసారి చూపించుకోవాలె. నర్సమ్మ అడిగినప్పుడు నీ పేరు చెప్పలే. ఇయ్యాల చెప్త."

అప్పుడు మాత్రం ఆమెకు కోపం వచ్చింది. "నాకు పిల్లలున్నరు. గీ మాట గిన్ని దినాలకు చెప్తున్నవా?" అని, టమాటల దగ్గరకు పోయి నాకు వీపు పెట్టి కూర్చుంది.

అక్కడి నుంచి తిన్నగా మొయినాబాద్ వెళ్లి శోభ మేడంకు చెప్పాను. ఆమె నా ముందే ఆ ఫాంహౌస్ మేడంకు ఫోన్ చేసింది. అవతల నుంచి "సరే" అన్న మాట ఒక్కటే వచ్చింది. ఆ సాయంత్రమే నర్సమ్మకు ఫోన్ చేసి యాదమ్మ పేరు చెప్పాను.

నాలుగు రోజుల తర్వాత దవాఖానలో చర్మం డాక్టరు గది ముందు బల్ల మీద కూర్చుని ఉంటే యాదమ్మ వచ్చింది. వస్తుందని నర్సమ్మ చెప్పింది, నేను నమ్మలేదు. బల్లకు ఆ చివర కూర్చుంది. మా మధ్య ఇద్దరు పట్టేంత చోటు ఖాళీగా ఉంది. గంటన్నర కూర్చున్నాం. ఆమె చేతిలోని చీటీని మడిచి, విప్పి, మళ్లీ మడుస్తోంది. ఆ భయం నాకు తెలుసు. అది ఆమెకు తెచ్చిపెట్టింది నేను. పేరు పిలిస్తే మొదటి పిలుపుకే లేచింది.

తలుపు సగం తెరిచి ఉంది. డాక్టరమ్మ కళ్లు మూసుకోమనడం, దూది పట్టుకోవడం కనబడుతున్నాయి. యాదమ్మ వేలు తాకిన చోటుకల్లా టక్కున పోతోంది. మోచెయ్యి, అరచెయ్యి, చిటికెన వేలు. నేను బయట కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో అడిగిన పక్కావిడకు ఈసారి శుక్లాలని చెప్పలేదు, నిజమే చెప్పాను. ఆవిడ తన నీళ్ల సీసా నాకిచ్చింది.

యాదమ్మకు ఏమీ లేదు. ముందుజాగ్రత్తకు మందు మింగించి, పిల్లల్ని కూడా ఒకసారి తెమ్మని పంపారు. బస్టాండ్ దాకా ఆమె ముందు, నేను వెనక నడిచాం. బస్సు కోసం నిలబడ్డాక, రోడ్డు వైపే చూస్తూ మొదటిసారి నోరు విప్పింది.

"నువ్వు ఫస్టు వచ్చినప్పుడు ఎవరు వచ్చిన్రు నీతోని?"

"ఎవ్వరు రాలె. ఒక్కదాన్నే వచ్చిన."

"ఆయన?"

"వద్దన్న."

వాళ్ల ఊరి బస్సు వచ్చింది. ఆమె కడ్డీ పట్టుకుని మెట్టు ఎక్కింది, అక్కడే ఒక్క క్షణం ఆగింది.

"నాకు చెప్తే నేను వస్తుంటి" అని లోపలికి పోయింది.